పది గొంతుల పాటకు ఒక్కటే పేరా?

ఊరి వంత హైటెక్ సిటీకి చేరింది - పాడినవారి పేర్లు కూడా చేరాలి

శేరిలింగంపల్లి: ఊళ్లో నాట్లు పడుతున్నప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది. మడిలో ఉన్న ఇరవై మందీ అందుకుంటారు. ఎత్తుకున్న ఆమెకు ఊపిరి అందేలోగా వంత నడుస్తుంది. వంత ముగిసేలోగా ఆమెకు తరువాతి చరణం గుర్తుకు వస్తుంది. ఆ చరణంలో రెండు మాటలు పాతవి, రెండు మాటలు అప్పటికప్పుడు పుట్టినవి. సాయంత్రానికి మడి నిండుతుంది, పాట ముగుస్తుంది. ఆ పాట ఎవరు కట్టారని అడిగితే, “ఎవరు కట్టేదేంది, మా అత్త పాడేది, నేను పాడుతున్న” అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

అదే పాట ఇప్పుడు మన జిల్లాలోనే మరొక చోట కూడా వినిపిస్తున్నది. అక్కడ మడి లేదు, బురద లేదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో అద్దాల మేడల మధ్య, హాస్టలు గదులలో, చిన్న చిన్న రికార్డింగు గదులలో యువకులు కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు కడుతున్నారు. తామే రాసి, తామే బాణీ కట్టి, పదిమంది కలసి పాడి, పాటల సంపుటిగా విడుదల చేస్తున్నారు. ఇది సంతోషించదగ్గ విషయమే. అయితే ఈ సంతోషంలో ఒక ప్రశ్న దాగి ఉంది. పది గొంతులు కలసిన పాట బయటికి వచ్చినప్పుడు, దాని మీద ఎందరి పేర్లు ఉంటున్నాయి?

బండరాళ్ల నడుమ పుట్టిన బస్తీ

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. అప్పటికి చుట్టుపక్కల బండరాళ్లు, తుప్పలే ఎక్కువ. 2003లో ఈ ప్రాంతానికి సైబరాబాద్ పేరుతో ప్రత్యేకంగా పోలీసు కమిషనరేటు వచ్చింది. మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే సంవత్సరం నవంబరులో రాయదుర్గానికి చేరింది.

మేడలతోపాటు మనుషులూ వచ్చారు. చేవెళ్ల నుంచి, యాచారం నుంచి, షాద్‌నగర్ నుంచి, ఇంకా దూరాన శ్రీకాకుళం, అనంతపురం జిల్లాల నుంచి చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు చేరారు. వారితోపాటే తాపీ పనివారు, కాపలాదారులు, వంటవారు, డ్రైవర్లు కూడా వచ్చారు. వీరందరూ మూటాముల్లెతోపాటు ఊరి పాటను కూడా వెంట తెచ్చుకున్నారు. ఒకరికి బతుకమ్మ పాట వచ్చు, ఇంకొకరికి జముకుల కథ వచ్చు. ఒకరు చిరుతల రామాయణంలో వేషం కట్టినవారైతే, ఇంకొకరు చర్చిలో పాడినవారు. ఊళ్లో ఎన్నడూ కలవని ఈ గొంతులు ఇక్కడ ఒకే గదిలో కలుస్తున్నాయి.

హైదరాబాదు యువకుల ‘చౌరస్తా’ బృందం పేరు చాలామంది వినే ఉంటారు. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల పాట రాస్తారు, బాణీ కడతారు, పాడతారు. నగరంలో విసిగి సొంత ఊరికి వెళ్లిపోదామనుకునే మనిషి మీద ఆ బృందం చేసిన ‘ఊరెళ్లిపోతా మామా’ పల్లెల్లో కూడా మారుమోగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపవద్దని చెబుతూ ఆ బృందమే పాడిన పాట ఇంటింటా వినిపించింది. సినిమా కంపెనీ అండ లేకుండా కూడా తెలుగు పాట జనంలోకి వెళ్లగలదని ఇటువంటి బృందాలు నిరూపించాయి.

వంత వేరు, శ్రావ్య మేళనం వేరు

ఈ కొత్త బృందాలు పాడే పద్ధతిలో ఒక విశేషం ఉంది. మన ఊళ్లలో పదిమంది కలసి పాడితే అందరూ ఒకే స్వరం మీద పాడతారు. ఆడవారు పై స్థాయిలో, మగవారు కింది స్థాయిలో పాడినా స్వరం మాత్రం ఒక్కటే. నాట్ల పాట, కోలాటం, భజన, బుర్రకథ వంత అన్నీ ఇలా నడిచేవే. పడమటి దేశాల పద్ధతిలో అయితే ఒకే మాటను ఒకే సమయంలో వేర్వేరు స్వరాల మీద పాడతారు. ఆంగ్లంలో దీనిని హార్మనీ అంటారు.

భజన మందిరంలో హార్మోనియం ఉన్న ఊరివారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక్క మెట్టు నొక్కితే ఒక్క స్వరం పలుకుతుంది. ‘స’, ‘గ’, ‘ప’ మెట్లు మూడూ ఒక్కసారి నొక్కితే నిండైన నాదం వస్తుంది. ‘స’తోపాటు దాని పక్కనే ఉన్న మెట్టును నొక్కితే చెవికి ఇబ్బందిగా ఉంటుంది. దీనికి లెక్క ఉంది. ‘స’ సెకనుకు 240 సార్లు కంపిస్తే, దానితో చక్కగా కలిసే ‘గ’ 300 సార్లు, ‘ప’ 360 సార్లు కంపిస్తాయి. అంటే నాలుగు, అయిదు, ఆరు వంతుల లెక్క. ఇలా సులువైన లెక్కలో కుదిరిన స్వరాలు కలిసిపోతాయి, కుదరనివి కొట్టుకుంటాయి.

ఈ పద్ధతి మన పల్లెలకు పూర్తిగా కొత్తదేమీ కాదు. క్రైస్తవ మందిరాల గాయక బృందాలలో ఆడవారి పై గొంతు, కింది గొంతు, మగవారి పై గొంతు, కింది గొంతు అని నాలుగు వరుసలుగా విడిపోయి పాడటం ఎప్పటినుంచో ఉంది. సినిమా పాటల కోరస్‌లో కూడా ఇది వినిపిస్తుంది. కొత్తగా జరుగుతున్నదేమిటంటే, ఊరి బాణీకి ఈ వరుసలు జోడించడం.

ఇందుకు గొంతు బాగుంటే చాలదు. పక్కవాడి స్వరం వింటూ తన స్వరం మీద నిలబడాలి. ఎంత మంచి గాయకుడైనా తన గొంతు ఒక్కటే పైకి వినిపించాలనుకుంటే పాట చెడుతుంది. పక్కవాడిని వినడం తెలిసినవాడే ఇటువంటి పాటకు పనికివస్తాడు.

మన గడ్డ మీది పాత మేళాలు

పాట తానే కట్టి, తానే పాడేవారిని మనం వాగ్గేయకారులని పిలుస్తాము. హైటెక్ సిటీ నుంచి మోటారు మీద అరగంట ప్రయాణం చేస్తే గోల్కొండ కోట వస్తుంది. భద్రాచల రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న చెరసాలలో ఉండి కీర్తనలు కట్టాడని చెప్పే చోటు అదే. ఆయన 17వ శతాబ్దపు మనిషి. ఆయన ఒంటరిగా కట్టిన కీర్తనలను ఈనాటికీ ఊరూరా భజన బృందాలు తాళాలు, చిడతలు పట్టుకుని మేళంగా పాడుతున్నాయి. మరో విశేషం ఉంది. వాగ్గేయకారులు కీర్తన చివర తమ ముద్ర వేసేవారు. వందల ఏళ్లు గడిచినా ఆ కీర్తన ఎవరిదో ఆ ముద్రే చెబుతున్నది. పేరు నిలబెట్టుకునే ఉపాయం మన పెద్దలకు తెలియనిది కాదు.

బుర్రకథ సంగతి చూద్దాం. కథకుడు నడుమ నిలుస్తాడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. షేక్ నాజర్ ఈ కళను దేశమంతటికీ తెలియజేశారు. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. అయితే వంతలు లేనిదే బుర్రకథ నడవదు. కథ విన్న ఊరికి కథకుడి పేరు గుర్తుంటుంది, వంతల పేర్లు ఎందరికి గుర్తుంటాయి?

తరువాత కాలంలో 1972లో మొదలైన జన నాట్య మండలి ద్వారా గద్దర్, వంగపండు ప్రసాదరావు వంటివారు ఊరి బాణీలకు కొత్త మాటలు కట్టి, గోచీ, గొంగడి, డప్పు, గజ్జెలతో ఊరూరా తిరిగారు. ఒకరు ఎత్తుకుంటే దళమంతా అందుకునేది. క్యాసెట్లు వచ్చాక ఆ పాటలు చేతులు మారి పల్లెలకు చేరాయి. రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ పాటలు విన్నారు. వంగపండు 2020లో, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు.

తెలంగాణ ఉద్యమంలో ఈ మేళం మరో రూపం తీసుకున్నది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఒకే వేదిక మీదికి పాటలు కట్టేవారినీ పాడేవారినీ తెచ్చింది. గోరటి వెంకన్న, అందెశ్రీ, గూడ అంజయ్య, రసమయి బాలకిషన్ వంటివారి పాటలు అప్పటి సభలలో మారుమోగాయి. ఒకరి పాటను మరొకరు పాడారు. ఒకరు పాడుతుంటే మిగిలినవారు వెనుక నిలబడి వంత పాడారు. పశువుల కాపరిగా, తాపీ పనివాడిగా బతికిన, బడి చదువు లేని అందెశ్రీ పాట 2024లో రాష్ట్ర గీతమైంది. ఆయన 2025 నవంబరు 10న హైదరాబాదులో మరణించారు. నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లె నుంచి వచ్చిన గోరటి వెంకన్నకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఈ పాట హైటెక్ సిటీ గడప కూడా తొక్కింది. రాష్ట్రం వచ్చాక 2014లో ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథి మాదాపూర్ నుంచే పనిచేస్తున్నది. ఊరూరా పాడుకునే 550 మంది కళాకారులకు అందులో ఉద్యోగాలు వచ్చాయి. దానికి తొలి అధ్యక్షుడు రసమయి బాలకిషన్. 2024 నవంబరులో గద్దర్ కుమార్తె వెన్నెల ఆ పదవికి నియమితులయ్యారు. 2025 జూన్ 14న గద్దర్ పేరిట తొలి సినిమా అవార్డులు కూడా ఇక్కడి హైటెక్స్ ప్రాంగణంలోనే ఇచ్చారు. గొంగడి కప్పుకుని పాడిన మనిషి పేరు అద్దాల మేడల మధ్య వినిపించింది.

పాట మిగిలింది, పేరు చెరిగింది

పెద్దవారి పేర్లు నిలిచాయి. చిన్నవారి పేర్ల మాటేమిటి? ఒక ఉదాహరణ చాలు. ‘బండెనక బండి కట్టి’ పాట తెలియని తెలుగువాడు ఉండడు. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాలో దానిని గద్దర్ పాడారు. అందువల్ల అది గద్దర్ పాటే అని చాలామంది నేటికీ అనుకుంటున్నారు. వాస్తవానికి ఆ పాట కట్టినవాడు తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. పాడినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. పాట నోటి నుంచి నోటికి పోయేటప్పుడు మాటలు నిలిచినా కట్టినవాడి పేరు మధ్యదారిలో జారిపోతుంది.

పేరుతోపాటు డబ్బు కూడా ముడిపడినప్పుడు ఏమి జరుగుతుందో చెప్పే కథ దక్షిణాఫ్రికాలో ఉంది. అక్కడి జులూ పల్లెల నుంచి జొహానెస్‌బర్గ్ నగరానికి గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవారు హాస్టళ్లలో ఉంటూ, శనివారం రాత్రి పోటీలు పెట్టుకుని మేళాలుగా పాడుకునేవారు. వారిలో సోలమన్ లిండా అనే యువకుడు ఒకడు. అతడు ఒక రికార్డుల కంపెనీలో మూటలు కట్టే పనిలో ఉండేవాడు. 1939లో తన మిత్రులతో కలసి ‘ంబూబే’ అనే పాట రికార్డు చేశాడు. జులూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. మిత్రుల లోతు గొంతులు ఒక్క మాటనే తిప్పి తిప్పి పలుకుతుంటే, వాటి పైన లిండా గొంతు సన్నగా ఎగిరింది.

ఆ పాట హక్కులను అతడు పది షిల్లింగులకు, అంటే అర పౌనుకు వదులుకున్నాడు. పాట సముద్రాలు దాటింది. 1961లో అమెరికాలో ఇంగ్లీషు మాటలతో వచ్చిన రూపం అక్కడి పాటలలో మొదటి స్థానానికి చేరింది. ఆ మరుసటి సంవత్సరమే, 1962లో, లిండా పేదరికంలో మరణించాడు. 1994లో ‘లయన్ కింగ్’ సినిమాలో కూడా ఆ పాట వినిపించింది. 2004లో అతని కుమార్తెల తరఫున కోర్టులో దావా పడింది. 2006లో రాజీ కుదిరి, వారికి సొమ్ము, లిండాకు పాట కట్టినవారిలో ఒకడిగా గుర్తింపు దక్కాయి. అప్పటికి అతడు పోయి 44 ఏళ్లు. అతనితోపాటు లోతు గొంతులతో వంత పాడిన మిత్రుల పేర్లు ఆ పాటను ఇష్టపడే కోట్ల మందిలో ఎందరికి తెలుసు?

మన దగ్గర కూడా ఇటువంటి వివాదం రాకపోలేదు. 2021లో శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట ఊరూవాడా మోగింది. దానిని సుద్దాల అశోక్ తేజ రాశారు, మంగ్లీ పాడారు. దానికి మూలమైన జానపదాన్ని తానే సేకరించి అంతకుముందు టీవీ పాటల కార్యక్రమంలో పాడానని వరంగల్ ప్రాంతపు గాయని ఒకరు ముందుకు వచ్చారు. జానపదం ఎవరి సొత్తూ కాదన్న వాదన ఒకవైపు, వెలికితీసినవారికి గుర్తింపు ఇవ్వాలన్న వాదన మరోవైపు సాగాయి. ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామని దర్శకుడు ప్రకటించడంతో వివాదం సద్దుమణిగింది. ఆమె టీవీలో పాడి ఉండబట్టి అడగగలిగింది. మడిలో పాడిన అవ్వ ఏ ఆధారం చూపి అడుగుతుంది?

ఒక్క గొంతే పదిగా వినిపించే రోజులు

రికార్డింగు పద్ధతి మారడం వల్ల ఈ సమస్య మరింత చిక్కబడింది. వెనుకటి రోజుల్లో ఒక్క మైకు చుట్టూ అందరూ నిలబడి పాడేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి పాడాలి. అందువల్ల వంత పాడేవారు గదిలో ఉండి తీరవలసిందే.

ఇప్పుడు అలా కాదు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, అందులో వినిపించే తాళానికి అనుగుణంగా ఒక్కొక్కరూ విడివిడిగా పాడతారు. ఆ గొంతులను కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చుతారు. ఒకరు గచ్చిబౌలిలో, ఇంకొకరు అమెరికాలో ఉండి పాడినా పాట ఒకటే అవుతుంది. ఒకే మనిషి ఆరుసార్లు ఆరు స్వరాల మీద పాడి ఆరుగురిలా వినిపించవచ్చు. మనిషి లేకుండానే యంత్రం చేత కోరస్ పాడించే సాధనాలు కూడా వచ్చాయి.

ఊరిలో ఫోనులో రికార్డు చేసి తెచ్చిన వంతను కూడా ఇలాగే కొత్త పాట వెనుక పేర్చవచ్చు. విన్నవారికి అది ఎంతో సహజంగా ఉంటుంది. నిజమైన మట్టి వాసన ఉందని మెచ్చుకుంటారు. ఆ గొంతులు ఏ ఊరివో, ఎవరివో మాత్రం ఎక్కడా కనిపించదు. యూట్యూబ్‌లో పెట్టిన పాట కింద రాసినవారు, బాణీ, ఎడిటింగు, కెమెరా, చివరకు పోస్టరు తయారుచేసినవారి పేరు కూడా ఉంటుంది. కోరస్ అన్నచోట చాలాసార్లు ‘బృందం’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. కొన్నిసార్లు ఆ మాట కూడా ఉండదు.

చట్టం ఏమంటున్నది?

ఈ విషయంలో చట్టం పల్లెవారి పక్షాన కొంత నిలబడింది. తెలుసుకోవలసినవారికి అది తెలియకపోవడమే లోపం.

మన దేశంలో కాపీరైటు చట్టం 1957 నాటిది. పాట మాటలు రాసినవారికి మాటల మీద, బాణీ కట్టినవారికి బాణీ మీద విడివిడిగా హక్కు ఉంటుంది. వారు బతికినంత కాలం, ఆ తరువాత మరో 60 సంవత్సరాలు వారసులకు ఆ హక్కు చెందుతుంది. ఇద్దరు ముగ్గురు కలసి విడదీయరాని విధంగా రాస్తే అందరూ ఉమ్మడి కర్తలే అవుతారు. రికార్డు చేయించినవారికి ఆ రికార్డు మీద హక్కు 60 సంవత్సరాలు.

కర్త ఎవరో తెలియని పాత జానపదం మీద ఎవరికీ సొంత హక్కు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు. అయితే ఒక అవ్వ ఆ జానపదాన్ని పాడినప్పుడు, ఆ పాడిన తీరు మీద గాయకురాలిగా ఆమెకు 50 సంవత్సరాల హక్కు ఉంది. ఆమె అనుమతి లేకుండా రికార్డు చేసి వ్యాపారం చేయకూడదు. వంత పాడినవారు కూడా గాయకులే. తాము పాడినట్టు పేరు వేయమని అడిగే హక్కును 2012లో చేసిన సవరణ గాయకులకు ఇచ్చింది.

సినిమా విషయంలో ఒక మెలిక ఉంది. సినిమాలో ఏదో నామమాత్రంగా కనిపించి లేదా వినిపించి, ఆనవాయితీ ప్రకారం పేరు వేయని వారిని చట్టం చాలావరకు కళాకారులుగా లెక్కించదు. అంటే పేరు లేకపోతే హక్కే పలుచబడుతుంది. పేరు కోసం పట్టుబట్టడం కీర్తి కండూతి కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఆ 2012 సవరణలోనే మరో మేలు జరిగింది. పాట హక్కులు కంపెనీకి రాసి ఇచ్చినా, రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు రావలసిన సమాన వాటాను ఎవరూ రాయించుకోలేరు. అటువంటి రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఒకటి 1969 నుంచి ఉంది. ఐ.పి.ఆర్.ఎస్. అని దానిని పిలుస్తారు. పాటలు కట్టేవారు అందులో సభ్యులుగా చేరవచ్చు. హక్కులు ఇచ్చే కాగితంలో ఎంతకాలమో రాయకపోతే అది 5 సంవత్సరాలకే చెల్లుతుంది. కాగితం లేని నోటిమాటతో హక్కు చేతులు మారదు.

హక్కు కోసం రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా చేయించుకుంటే రేపు తగాదా వచ్చినప్పుడు ఆధారంగా పనికివస్తుంది. మాటలకు లేదా బాణీకి రుసుము 500 రూపాయలు, రికార్డుకు 2,000 రూపాయలు.

ఊరు చేయదగ్గ పని

చట్టం ఉన్నా ప్రతి అవ్వా కోర్టుకు వెళ్లలేదు. అవసరమూ లేదు. కొద్దిపాటి జాగ్రత్తలు చాలు.

మొదటిది, పాట రికార్డు చేయడానికి ఎవరు వచ్చినా, వారు సొంత ఊరి పిల్లలే అయినా, పాడినవారందరి పేర్లు, ఊరి పేరు, తేదీ ముందుగా ఫోనులోనే చెప్పించాలి. పాటకు ముందు పేర్లు పలికితే ఆ రికార్డే సాక్ష్యమవుతుంది. చదువు రానివారికి కూడా ఇది సులభం.

రెండవది, ఊరి బడిలో లేదా గ్రంథాలయంలో ఒక పాటల పుస్తకం పెట్టాలి. ఏ పాట ఎవరు పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరు వంత పాడతారు అన్నది రాసి ఉంచాలి. ఉపాధ్యాయులు, విద్యార్థులు వేసవి సెలవుల్లో పూనుకుంటే ఒక్క నెలలో పూర్తికాగలదు. పాడే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వారితోపాటు పాటలు, వాటి చరిత్ర కూడా పోతున్నాయి.

మూడవది, డబ్బు మాట ముందే తేల్చుకోవాలి. పాటకు సొమ్ము వస్తే అందులో పాడినవారికి ఎంత అన్నది తెల్ల కాగితం మీద అయినా రాసుకోవాలి. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయకూడదు. సొమ్ము రాకపోయినా పేరు మాత్రం రావాలని అడగాలి.

హైటెక్ సిటీలో పాటల సంపుటాలు తయారుచేస్తున్న యువకుల మీద కూడా బాధ్యత ఉంది. పదిమంది కలసి పాడిన సంపుటిలో పదిమంది పేర్లూ సమానమైన అక్షరాలతో వేయడానికి ఖర్చేమీ కాదు. ఎవరు ఏ చరణం రాశారు, ఎవరు ఏ స్వరం పాడారు, బాణీ ఏ ఊరి నుంచి వచ్చింది అన్నది మొదటి రోజే రాసుకుంటే స్నేహాలూ నిలుస్తాయి. పాటకు పేరు వచ్చాక వాటాలు పంచుకోవడం అన్నదమ్ములకే కష్టం, మిత్రుల సంగతి చెప్పనక్కరలేదు.

సాంస్కృతిక సారథి మాదాపూర్‌లో ఉంది. కంప్యూటర్లు, రికార్డింగు గదులు, చదువుకున్న యువకులు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. జిల్లాలోని ఊళ్ల పాటలను పాడినవారి పేర్లతో సహా భద్రపరిచే పనికి ఇంతకన్న అనువైన చోటు మరొకటి ఉండదు. మండలానికి ఒక కళాకారుడిని ఈ పనికి నియమించి, జిల్లా గ్రంథాలయ సంస్థ సహకారం తీసుకుంటే రంగారెడ్డి జిల్లా రాష్ట్రానికే దారి చూపగలదు. అధికారులు ఈ విషయం ఆలోచించవలసి ఉంది.

వానలు పడతాయి, మళ్లీ నాట్లు వస్తాయి. మడిలో ఒకామె పాట ఎత్తుకుంటుంది, ఇరవై మంది అందుకుంటారు. ఆ రోజు గట్టు మీద నిలబడి ఫోను పట్టుకున్న పిల్లవాడు ముందుగా, “అవ్వా, నీ పేరేంది? నీ పక్కన పాడేవాళ్ల పేర్లేంది?” అని అడిగితే చాలు. పాట ఎంత దూరం పోయినా ఆ పేర్లు వెంట పోతాయి.